ఎయిర్ పిస్టల్ తొలి పాఠాలు

వేసవి సెలవుల్లో షూటింగ్ నేర్చుకున్నానని చెబితే మా క్లాసులో అందరూ ఒకే ప్రశ్న అడిగారు. "నిజం తుపాకేనా?"

నిజం తుపాకే. కానీ అందులో మందుగుండు ఉండదు. గొట్టం కింద ఒక చిన్న సిలిండర్ ఉంటుంది. అందులో గాలిని గట్టిగా దట్టించి పెడతారు. ట్రిగ్గర్ నొక్కినప్పుడు ఆ గాలిలో కొంచెం బయటికి వచ్చి, 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండును ముందుకు తోస్తుంది. ఆ గుండును పెల్లెట్ అంటారు. దాని నడుము సన్నగా ఉండి, పైనా కిందా వెడల్పుగా ఉంటుంది. చూస్తే అమ్మమ్మగారింట్లోని బుల్లి రోలు గుర్తొస్తుంది. అది సెకనుకు దాదాపు 150 మీటర్ల వేగంతో వెళుతుంది. గంటకు లెక్క వేస్తే 540 కిలోమీటర్లు. అంత వేగంతో కంటికి తగిలితే చూపు పోతుంది. కాబట్టి "ఎయిర్‌గన్నే కదా, బొమ్మలాంటిది" అనేవాళ్ల మాట నమ్మకండి.

మన దేశంలో తుపాకుల సంగతి చూసేది 1959 నాటి ఆయుధాల చట్టం. మందుగుండుతో పేలే తుపాకికి లైసెన్సు కావాలంటే సాధారణంగా 21 ఏళ్లు నిండాలి. ఇంట్లో పెద్దవాళ్ల తుపాకి ఉన్నా పిల్లలు దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు. శక్తి ఒక పరిమితి దాటని 4.5 మి.మీ. ఎయిర్ పిస్టల్‌కు మాత్రం ఆ లైసెన్సు అక్కర్లేదు. అందుకే స్కూలు పిల్లలు ఈ ఆటను మొదలుపెట్టేది ఎయిర్ పిస్టల్‌తోనో, ఎయిర్ రైఫిల్‌తోనో. రెండింటికీ దూరం 10 మీటర్లే. ఎన్.సి.సి.లో ఉన్న అన్నలూ అక్కలూ క్యాంపుల్లో .22 రైఫిల్ పేలుస్తారు. దానికి కట్టుదిట్టాలు వేరు, నియమాలు వేరు. ఈ వ్యాసంలో నేను చెప్పేది ఎయిర్ పిస్టల్ గురించే.

సూరత్‌లో నేను చేరిన బిగినర్స్ కోర్సు పన్నెండు రోజులు. రోజుకు గంటన్నర. అందులో మొదటి రెండు రోజులు ఒక్క పెల్లెట్ కూడా పేల్చనివ్వలేదు. చాలామందికి అది నచ్చలేదు. ఇద్దరు మానేశారు కూడా. నా లెక్కలో మాత్రం కోర్సు మొత్తంలో విలువైనవి ఆ రెండు రోజులే.

మొదటి రోజు పాఠమంతా ఒక్క విషయం చుట్టూ తిరిగింది. తుపాకి ఎప్పుడూ నిండుగానే ఉందనుకోవాలి. దాని మూతి ఎప్పుడూ లక్ష్యం వైపే ఉండాలి. కాల్చాలని నిశ్చయించుకున్నాకే వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లాలి, అప్పటిదాకా పక్కన పిడి మీదే ఉండాలి. లక్ష్యం వెనక ఏముందో తెలియకుండా కాల్చకూడదు. ఈ నాలుగూ వినడానికి చాలా తేలిక. పాటించడం ఎంత కష్టమో మూడో రోజు తెలిసింది. మా బ్యాచ్‌లో ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు "సరిగ్గా పట్టుకున్నానా, సర్?" అని అడగడానికి వెనక్కి తిరిగాడు. మనిషితోపాటు చెయ్యీ తిరిగింది, చేతిలోని పిస్టలూ తిరిగింది. మేము ఐదుగురం ఆ వరసలో నిలబడి ఉన్నాం. కోచ్ సర్ "స్టాప్" అని అరిచారు. ఆ రోజంతా ఆ అబ్బాయిని బెంచీ మీద కూర్చోబెట్టారు. "ఖాళీగానే ఉంది కదా సర్" అన్నాడు వాడు, ఏడుపు గొంతుతో. సర్ హిందీలో నెమ్మదిగా చెప్పారు. "ఖాళీ అని నీకు తెలుసు. నీ ఎదురుగా ఉన్నవాడికి తెలియదు. రేపు నీకూ తెలియకపోవచ్చు."

పిస్టల్ ఖాళీగా ఉందని పక్కవాళ్లకు తెలియడానికి ఒక చిన్న ఏర్పాటు ఉంది. దాన్ని సేఫ్టీ ఫ్లాగ్ అంటారు. ఎర్రగానో, నారింజ రంగులోనో కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపించే ప్లాస్టిక్ తీగ అది. గొట్టంలో ఇటు నుంచి అటు దాకా పెడితే మూతి దగ్గర కొస బయటికి కనిపిస్తుంది. అది ఉందంటే లోపల పెల్లెట్ లేనట్టే. పిస్టల్‌ను పెట్టెలోంచి తీసేటప్పుడూ, బల్ల మీద పెట్టేటప్పుడూ, మళ్లీ పెట్టెలో సర్దేటప్పుడూ ఆ తీగ ఉండాల్సిందే. ఇది మా సర్ పెట్టుకున్న నియమం కాదు, అంతర్జాతీయ పోటీల్లోనూ అదే పద్ధతి.

రేంజ్‌లో ఆజ్ఞలు కూడా ప్రపంచమంతటా ఒకటే. "లోడ్" అంటే పెల్లెట్ పెట్టాలి. "స్టార్ట్" అంటే కాల్చవచ్చు. "స్టాప్" అంటే ఆ క్షణమే ఆగాలి. "అన్‌లోడ్" అంటే పెల్లెట్ తీసి ఫ్లాగ్ పెట్టాలి. "స్టాప్" కాక మిగతా ఆజ్ఞలు అధికారి ఇస్తేనే చెల్లుతాయి. "స్టాప్" అని అరిచే హక్కు మాత్రం, ప్రమాదం కనిపిస్తే, అక్కడున్న ఎవరికైనా ఉంటుందని మా సర్ చెప్పారు. బ్యాచ్‌లో అందరికంటే చిన్నపిల్ల అరిచినా, ఆయనతో సహా అందరూ ఆగాలి. నాకు ఈ మాట భలే నచ్చింది.

ఇక రెండో రోజు కళ్ల పరీక్ష. డాక్టరు చేసే పరీక్ష కాదు. మనకు రెండు చేతుల్లో ఒకటి వాటమైనట్టే, రెండు కళ్లలోనూ ఒకటి వాటమైనది ఉంటుంది. మీరూ ఇప్పుడే చూసుకోవచ్చు. రెండు అరచేతులు ముందుకు చాపి, మధ్యలో చిన్న సందు వదిలి, ఆ సందులోంచి గోడ గడియారాన్ని చూడండి. రెండు కళ్లూ తెరిచే ఉండాలి. తర్వాత ఒక్కొక్క కన్నూ మూయండి. ఏ కన్ను మూసినప్పుడు గడియారం మాయమైందో అదే మీ వాటమైన కన్ను. కుడిచేతి వాటం ఉన్నవాళ్లలో ఎక్కువమందికి కుడికన్నే వాటంగా ఉంటుంది. కొందరికి తారుమారు అవుతుంది. అలాంటివాళ్లకు తల కాస్త తిప్పుకోవడమో, ఒక కన్నుకు చిన్న అడ్డు పెట్టుకోవడమో నేర్పుతారు. రెండో కన్నును గట్టిగా మూసుకుంటే ముఖమంతా బిగుసుకుపోతుంది. అందుకే మూయొద్దంటారు.

ఏ చేత్తో కాల్చాలన్న మాట వస్తే కరోలీ టకాచ్ కథ చెప్పుకోవాలి. ఆయన హంగరీ సైన్యంలో సార్జెంట్. కుడిచేత్తో పిస్టల్ కాల్చడంలో మంచి పేరున్నవాడు. 1938లో శిక్షణలో గ్రెనేడ్ చేతిలోనే పేలి ఆ కుడిచెయ్యి పోయింది. ఆయన ఎడమచేత్తో మొదటినుంచీ నేర్చుకున్నాడు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్టల్‌లో బంగారు పతకం గెలిచాడు. 1952లో హెల్సింకీలో మళ్లీ గెలిచాడు.

మూడో రోజు నిలబడటం నేర్చుకున్నాం. నవ్వకండి, దానికి పూర్తిగా గంట పట్టింది. పిస్టల్ ఆటలో లక్ష్యానికి ఎదురుగా నిలబడరు, పక్కకు నిలబడతారు. కుడిచేతివాళ్ల కుడి భుజం లక్ష్యం వైపు ఉంటుంది. పాదాల మధ్య భుజాలంత ఎడం ఉండాలి. ఎడమచెయ్యి ఊగకుండా జేబులోనో, బెల్టులోనో పెట్టుకోవాలి. పిస్టల్‌ను పట్టుకునేది ఒక్క చెయ్యే. సినిమాల్లోలాగా రెండు చేతులతో పట్టుకోవడం, అడ్డంగా తిప్పి కాల్చడం ఇక్కడ కుదరవు. (తిప్పి కాల్చే ఆ హీరోలను మా రేంజ్‌లోకి రానిస్తే మొదటి పది నిమిషాల్లోనే బెంచీ మీద కూర్చోబెడతారు.)

నిలబడ్డాక ఒక పరీక్ష ఉంది. కళ్లు మూసుకుని చెయ్యి ఎత్తాలి. రెండుసార్లు ఊపిరి పీల్చి వదిలి కళ్లు తెరవాలి. చెయ్యి లక్ష్యానికి ఎడమకు పోయిందనుకోండి, చేతిని కుడికి లాగకూడదు. వెనక పాదాన్ని కొంచెం జరిపి, ఒళ్లంతా తిరిగేలా చూసుకోవాలి. చేతిని బలవంతంగా లాగి గురిపెడితే, ట్రిగ్గర్ నొక్కే సమయానికి కండరం అలసి చెయ్యి మళ్లీ తన చోటికే పోతుంది.

పిస్టల్ బరువు దాదాపు కిలో. నిబంధనల ప్రకారం కిలోన్నర దాటకూడదు. కిలో ఎంత అనిపిస్తుందో తెలియాలంటే లీటరు నీళ్ల సీసా ఒకటి తీసుకుని చెయ్యి చాపి పదిహేను సెకన్లు నిలబడండి. అంతకన్నా ఎక్కువసేపు వద్దు, భుజం నొప్పి పుడుతుంది. పెద్దల పోటీలో 60 సార్లు కాల్చాలి. దానికి 75 నిమిషాలు ఇస్తారు. అంటే ఒక్కో గుండుకు 75 సెకన్లు. లెక్క సరిగ్గా కుదిరింది చూశారా! ఈ 75 సెకన్ల సంగతి మళ్లీ చెబుతాను.

ఇప్పుడు అసలు కష్టమైన పాఠం దగ్గరికి వద్దాం. పిస్టల్ మీద రెండు సైట్లు ఉంటాయి. కంటికి దగ్గరగా ఉన్న వెనక సైటులో ఒక గాడి ఉంటుంది. గొట్టం చివర ముందు సైటు చిన్న దిమ్మెలా నిలబడి ఉంటుంది. గాడి మధ్యలో దిమ్మె కనిపించాలి. దాని తల గాడి అంచులతో సమానంగా ఉండాలి. రెండు పక్కలా వెలుతురు సమానంగా కనిపించాలి. ఇంతవరకూ బాగానే ఉంది. మరి కన్ను దేన్ని చూడాలి? ద్రోణాచార్యుడు అడిగితే అర్జునుడు "పక్షి కన్ను తప్ప ఇంకేమీ కనబడటం లేదు" అన్నాడని చిన్నప్పటినుంచీ వింటున్నాం. పిస్టల్ ఆటలో ఆ జవాబు చెబితే గురి తప్పుతుంది. ఇక్కడ స్పష్టంగా కనిపించాల్సింది ముందు సైటు. లక్ష్యం మసకగా ఉన్నా ఫర్వాలేదు, మసకగానే ఉండాలి. మన కన్ను దగ్గరిదాన్నీ దూరపుదాన్నీ ఒకేసారి స్పష్టంగా చూడలేదు. రెండింటిలో ఒకదాన్ని వదులుకోవాలి.

లక్ష్యాన్ని వదులుకోమనడం ఏమిటని నాకూ వింతగా అనిపించింది. సర్ బోర్డు మీద లెక్క వేసి చూపించారు. పదో తరగతి సరూప త్రిభుజాల పాఠం గుర్తున్నవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. రెండు సైట్ల మధ్య దూరం 33 సెంటీమీటర్లు అనుకుందాం. ముందు సైటు గాడి మధ్య నుంచి ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగిందనుకోండి. 33 సెంటీమీటర్లకు ఒక మిల్లీమీటరు తప్పితే 10 మీటర్లకు ఎంత? దాదాపు 30 మిల్లీమీటర్లు. ఇప్పుడు లక్ష్యం కొలతలు చూడండి. మధ్యలోని పదో వలయం వ్యాసం 11.5 మి.మీ. మాత్రమే. ఏడు నుంచి పది దాకా ఉన్న నల్లటి వృత్తం మొత్తం వ్యాసం 59.5 మి.మీ. అంటే కేంద్రం నుంచి 30 మి.మీ. తప్పిన గుండు నలుపు అంచు దగ్గర, ఏడో వలయంలో పడుతుంది. సైట్లు రెండూ సరిగ్గా కలిసి ఉండి, చెయ్యి మొత్తం సెంటీమీటరు పక్కకు జరిగితే? గుండు కూడా సెంటీమీటరే తప్పుతుంది. అది తొమ్మిది. చెయ్యి సెంటీమీటరు ఊగితే ఒక పాయింటు పోయింది. సైటు మిల్లీమీటరు తప్పితే మూడు పోయాయి. అందుకే చెయ్యి వణుకుతోందని భయపడొద్దు, సైట్లను మాత్రం కాపాడుకోండి అంటారు. చెయ్యి అందరికీ వణుకుతుంది, ఒలింపిక్ విజేతలకు కూడా.

ఇంకో తమాషా. గురి పెట్టేది నల్లటి వృత్తం మధ్యలో కాదు. దాని కింద ఉన్న తెల్లటి భాగంలో. నల్లటి సైటును నల్లటి వృత్తం మీద పెడితే అంచు ఎక్కడుందో కనబడదు కాబట్టి. కింద గురిపెట్టినా గుండు మధ్యలో పడేలా వెనక సైటును మరలు తిప్పి సరిచేసి ఉంచుతారు. గుండు కూడా తిన్నగా పోదు. 10 మీటర్లు వెళ్లడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. ఆ కాస్త సమయంలోనే భూమ్యాకర్షణ దాన్ని రెండు సెంటీమీటర్లు కిందికి లాగేస్తుంది. 11వ తరగతివాళ్లు సూత్రంలో వేసి చూసుకోండి. ఆ తేడా కూడా సైటులోనే సర్దుబాటు అయిపోతుంది.

ట్రిగ్గర్ దగ్గరికి వచ్చేసరికి నాకు ముగ్గు గుర్తొచ్చింది. మా అమ్మమ్మ ముగ్గు వేస్తుంటే బొటనవేలూ చూపుడువేలూ కదులుతూనే ఉంటాయి, మణికట్టు మాత్రం గీత తప్పదు. ట్రిగ్గర్ నొక్కడం కూడా అంతే. చూపుడువేలి మొదటి కణుపు ఒక్కటే తిన్నగా వెనక్కి రావాలి, మిగతా చెయ్యి చలించకూడదు. క్యారమ్స్‌లో స్ట్రైకర్‌ను కొట్టినట్టు వేలితో ఒక్కసారి లాగితే గుండు కిందికీ పక్కకూ పోతుంది. పోటీ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు మోయాలని నియమం. అంటే అరకిలో కందిపప్పు పొట్లాం వేలితో ఎత్తినంత ఒత్తిడి. ఆ అరకిలోను ఒక్కసారి కాకుండా కొంచెం కొంచెంగా పెంచుతూ పోవాలి. ఎప్పుడు పేలిందో మనకే తెలియనంత నెమ్మదిగా నొక్కితే అది మంచి షాట్.

పేలాక కూడా పని అయిపోదు. రెండు మూడు సెకన్లు చెయ్యి అలాగే ఉంచి, సైటునే చూస్తూ ఉండాలి. గుండు గొట్టంలోంచి పూర్తిగా బయటపడేలోపు చెయ్యి దించితే ఆ కదలిక గుండుకు అంటుకుంటుంది. 'ఎంత వచ్చింది?' అని తొంగిచూసే తొందర మా అందరికీ ఉండేది. సర్ దానికి మందు కనిపెట్టారు. ఐదో రోజున లక్ష్యం కాగితాలు తీసేసి, ఖాళీ తెల్ల కాగితాలు కట్టారు. వలయాలు లేవు, అంకెలు లేవు, తొంగిచూడటానికేమీ లేదు. ఆ రోజే మా అందరి గుండ్లూ దగ్గర దగ్గరగా పడ్డాయి.

గుండ్లు దగ్గరగా పడటాన్ని గ్రూప్ అంటారు. మొదలుపెట్టినవాళ్లు మార్కులు లెక్కపెట్టకూడదు, గ్రూప్‌ను చూడాలి. ఐదు గుండ్లు ఎడమ మూలలో ఒకేచోట పడితే మార్కులు తక్కువే, కానీ మనిషి సరిగ్గా కాలుస్తున్నట్టు. సైటు మర రెండు మెట్లు తిప్పితే ఆ ఐదూ మధ్యలోకి వస్తాయి. ఒకటి పదిలోనూ మిగతావి తలోమూలా పడితే ఆ పది అదృష్టమే. దాన్ని సరిచేసే మర లేదు.

ఇప్పుడు ఆ 75 సెకన్ల సంగతి. ఊపిరి పీలుస్తూ చెయ్యి పైకెత్తాలి. సగం ఊపిరి వదులుతూ గురి దగ్గరికి దించాలి. అక్కడ ఊపిరి ఆపి ఐదు నుంచి ఎనిమిది సెకన్లలో కాల్చాలి. అంతకు మించితే కళ్లు అలసిపోతాయి, చెయ్యి ఎక్కువగా వణుకుతుంది. అప్పుడేం చెయ్యాలి? కాల్చకుండా చెయ్యి దించెయ్యాలి. దించి, ఊపిరి తీసుకుని, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. ఒక్కో గుండుకు 75 సెకన్లు ఉన్నాయి కాబట్టి దానికి తీరిక ఉంది. కానీ మనసు ఒప్పుకోదు. "ఇంతసేపు గురిపెట్టాను, ఎలాగో కాల్చేద్దాం" అంటుంది. నా చెత్త గుండ్లన్నీ ఆ "ఎలాగో"లోంచి వచ్చినవే. పోటీలో బాగా ఆడే సీనియర్లు ఎన్నిసార్లు చెయ్యి దించుతారో రేంజ్ వెనక కూర్చుని చూస్తే తెలుస్తుంది. షూటింగ్ వల్ల ఏకాగ్రత పెరిగి పరీక్షల్లో మార్కులు పెరుగుతాయని కొన్ని చోట్ల ప్రకటనల్లో రాస్తారు. నాకు లెక్కల్లో ఒక్క మార్కూ పెరగలేదు. కానీ పరీక్షలో రాని ప్రశ్న దగ్గర పెన్ను దించి తర్వాతిదానికి వెళ్లడం వచ్చింది.

ఈ ఊళ్లో ఉన్నవాళ్లకు స్థిరమైన చెయ్యి అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ప్రపంచంలో సానపట్టే వజ్రాల్లో పదింట తొమ్మిది సూరత్‌లోనే తయారవుతాయని చెబుతారు. వరాఛా, కతార్‌గామ్ వైపు కార్ఖానాల్లో రత్నకళాకారులు భూతద్దం కంటికి పెట్టుకుని, తిరిగే సాన మీద రవ్వంత రాయిని ఆనించి పట్టుకుంటారు. మా బ్యాచ్‌లో ఆ పనిచేసే కుటుంబపు అమ్మాయి ఒకామె ఉండేది. మా అందరికన్నా ఆమె గ్రూపే చిన్నది.

తెలుగువాళ్లలో పిస్టల్ అనగానే చెప్పుకోవాల్సిన పేరు హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్. 2005లో పుట్టింది. తొమ్మిదేళ్లప్పుడు ఈ ఆట మొదలుపెట్టింది. 2018లో తిరువనంతపురంలో జరిగిన జాతీయ పోటీల్లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో పెద్దల విభాగంలోనే మొదటి స్థానం గెలిచింది. అప్పటికి ఆమెకు 13 ఏళ్లు. ఆ పోటీలో మను భాకర్, హీనా సిద్ధూ కూడా ఉన్నారు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. అందులో ఒకటి బంగారం, మూడు వెండి. రైఫిల్‌లో హైదరాబాద్ నుంచే వచ్చిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచాడు.

మను భాకర్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. 2021లో టోక్యోలో పోటీ మధ్యలో ఆమె పిస్టల్ చెడిపోయింది. బాగుచేయించుకుని వచ్చేసరికి విలువైన సమయం పోయింది. 600కు 575 వచ్చింది, రెండు పాయింట్ల తేడాతో ఫైనల్ పోయింది. 2024లో ప్యారిస్‌లో అదే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో కాంస్యం గెలిచింది. రెండు రోజుల తర్వాత సరబ్‌జోత్ సింగ్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్‌లో ఇంకొకటి.

నాకు వీళ్లందరికన్నా దగ్గరగా అనిపించే పేరు ఇలవేనిల్ వళరివన్. ఎయిర్ రైఫిల్ షూటర్. పుట్టింది తమిళనాడులోని కడలూరులో, పెరిగింది అహ్మదాబాద్‌లో. జాతీయ పోటీల్లో గుజరాత్ తరఫున ఆడింది. మనలాంటి ఇళ్లలో ఎవరైనా "మీది ఏ ఊరు?" అని అడిగితే ముందు కాసేపు ఆలోచించాల్సి వస్తుంది కదా. నాన్నగారి ఉద్యోగం రీత్యా నేను ఇప్పటికి నాలుగు ఊళ్లు మారాను. సూరత్‌లో లింబాయత్ వైపు తెలుగు మాటలు వినిపిస్తాయి. తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వచ్చి స్థిరపడిన పద్మశాలీ కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. వాళ్లని "మీది ఏ ఊరు?" అంటే "సూరతే" అంటారు తడుముకోకుండా. ఇలవేనిల్ కూడా అలాగే చెబుతుందేమో. ప్యారిస్‌లో 50 మీటర్ల రైఫిల్ కాంస్యం గెలిచిన స్వప్నిల్ కుసాలే రైల్వేలో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగి అని తెలిసినప్పుడు మా రైల్వే మిత్రులు రెండు రోజులు కాలర్ ఎగరేసుకు తిరిగారు.

గుజరాత్‌కు ఈ ఆటతో పాత బంధమే ఉంది. మన జాతీయ రైఫిల్ సంఘాన్ని 1951లో స్థాపించింది లోక్‌సభ మొదటి స్పీకర్ జి.వి. మావలంకర్. ఆయన రాజకీయ జీవితం అహ్మదాబాద్‌లో మొదలైంది. జాతీయ పోటీలకు ముందు జరిగే అఖిల భారత మావలంకర్ పోటీలు ఆయన పేరు మీదే ఉన్నాయి. ఒలింపిక్స్‌లో పిస్టల్ పోటీలు 1896లో మొదటి ఆటల్లోనే ఉన్నా, ఎయిర్ పిస్టల్ మాత్రం 1988 సియోల్‌లోనే చేరింది.

డబ్బు మాట కూడా చెప్పాలి. పోటీలకు వాడే విదేశీ ఎయిర్ పిస్టల్ ఖరీదు లక్ష రూపాయలు సులువుగా దాటుతుంది. పెల్లెట్లు, కాగితాలు, రేంజ్ ఫీజు వేరే. కోర్సు పూర్తికాగానే కొనిపించమని ఇంట్లో మారాం చెయ్యకండి. మొదటి ఏడాది రేంజ్ పిస్టల్‌తోనే సరిపోతుంది. పిడి మన చేతికి సరిగ్గా కుదరకపోవడం ఒక్కటే ఇబ్బంది. ఇంట్లో చెయ్యగలిగిన సాధన చాలా ఉంది. నిలబడటం, నీళ్ల సీసా ఎత్తడం, గోడ మీద చిన్న చుక్క పెట్టి చూపు నిలపడం. వీటికి పైసా ఖర్చు లేదు.

చౌకగా దొరుకుతుందని సంతలో ఎయిర్‌గన్ కొని మేడ మీద పావురాల మీద ప్రయోగించేవాళ్లు కొందరు ఉంటారు. పక్షుల్ని అలా కొట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అరుణాచల్ ప్రదేశ్‌లో 2021 మార్చిలో 'ఎయిర్‌గన్ సరెండర్ అభియాన్' అని మొదలుపెట్టారు. పక్షుల్ని వేటాడే అలవాటున్న ఊళ్లలో జనం తమంతట తామే రెండు వేలకు పైగా ఎయిర్‌గన్లు తెచ్చి అప్పగించారు. మీలో ఎవరికైనా ఆ వైపు బదిలీ అయితే ఆ ఊళ్లను చూడగలుగుతారు.

మన విద్యాలయాల క్రీడాపోటీల్లోనూ, దేశవ్యాప్త స్కూల్ గేమ్స్‌లోనూ షూటింగ్ ఉంది. బదిలీ పిల్లలకు ఇందులో ఒక సౌకర్యం కనిపించింది నాకు. క్రికెట్‌లో కొత్త స్కూలుకు వెళితే జట్టులో చోటు కోసం మళ్లీ మొదటినుంచి నిరూపించుకోవాలి. మనకన్నా ముందున్న కెప్టెన్‌కు మనం ఎవరమో తెలియదు. ఇక్కడ 10 మీటర్లు ఎక్కడైనా 10 మీటర్లే, పదో వలయం ఎక్కడైనా 11.5 మిల్లీమీటర్లే. సూరత్‌లో 520 కొట్టినవాళ్లు గువాహటిలో ఆ కాగితాలు చూపిస్తే చాలు. అందుకని ఒక నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ, గ్రూప్ ఎంత వెడల్పు, ఎన్నిసార్లు చెయ్యి దించారు, ఏ పిస్టల్ వాడారు, సైటు మర ఎన్ని మెట్లు తిప్పారు, అన్నీ రాసుకోండి. కొత్త కోచ్‌కు అది మీ టీసీ కన్నా ఎక్కువ చెబుతుంది.

కొత్త ఊళ్లో రేంజ్ వెతుక్కునేటప్పుడు అమ్మనో నాన్ననో వెంట తీసుకెళ్లి ముందు కాసేపు ఊరికే కూర్చుని చూడండి. పిస్టల్స్‌లో ఫ్లాగులు ఉన్నాయా? ఎవరైనా లక్ష్యాల వైపు నడిచి వెళ్లేటప్పుడు అందరూ పిస్టల్స్ కింద పెట్టి వెనక్కి జరుగుతున్నారా? కోచ్ లేనప్పుడు పిల్లలు పెట్టెలు తెరుస్తున్నారా? మొదటి రోజే చేతికి పిస్టల్ ఇచ్చి, పెల్లెట్ పెట్టి, ఫొటో తీసి పంపే చోటైతే అక్కడ చేరకండి. కళ్లద్దాలు మీవి మీరే తీసుకెళ్లండి. రేంజ్‌లో ఏమీ తినకూడదు. పెల్లెట్లు సీసంతో చేసినవి, అది వేళ్లకు అంటుకుంటుంది, కడుపులోకి పోతే విషం. ఇంటికి రాగానే కాదు, రేంజ్ గేటు దాటకముందే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. బయట లోచో బండి ఎంత ఊరిస్తున్నా సరే, ముందు చేతులు కడుక్కున్నాకే.